తెరపై యంత్రం, పత్రికలో కండ

1984లో వచ్చిన ‘ది టెర్మినేటర్’లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పోషించిన యంత్రమానవుడు ఒక గదిలో కూర్చుని, దెబ్బతిన్న తన ముంజేతిని కత్తితో చీల్చుకుంటాడు. చర్మం కింద లోహపు కడ్డీలు ముందుకూ వెనక్కూ కదులుతుంటాయి. ముఖంలో బాధ జాడ ఉండదు. ఆ సినిమా పుట్టించే భయమంతా అక్కడే ఉంది. పైకి కనిపించే కండ, మనుషుల్లో కలిసిపోయి వాళ్లను చంపడానికి వేసుకున్న తొడుగు మాత్రమే.

అమెరికా వ్యాయామ పత్రికలకు మాత్రం ఆ తొడుగే కావలసింది. ముఖచిత్రంపై అదే దేహం, లోపలి పేజీల్లో ఆ భుజాలు ఎలా వస్తాయన్న పాఠం. కథ చెప్పిన హెచ్చరికకు అక్కడ చోటు దొరకలేదు. యంత్రాన్ని చూసి జడుసుకోవలసిన కుర్రాడికి యంత్రంలా తయారవ్వాలన్న కోరిక పుట్టింది.

ఇది సంపాదకుల అభిరుచి వల్ల మాత్రమే జరిగిందని నేను అనుకోను. వ్యాపారమే అలా అల్లుకుంది. ఆ వ్యాయామ పత్రికల యజమాని జో వీడర్ 1940లో కెనడాలోని మాంట్రియల్‌లో ‘యువర్ ఫిజీక్’ అనే చిన్న పత్రికతో మొదలుపెట్టారు. తర్వాత నడిపిన ‘మజిల్ బిల్డర్’ 1980లో ‘మజిల్ అండ్ ఫిట్‌నెస్’ అయింది. 1983లో ‘ఫ్లెక్స్’ వచ్చింది. అప్పటికి బాడీబిల్డర్‌గా ఉన్న ఆర్నాల్డ్‌ను 1968లో అమెరికాకు రప్పించింది కూడా వీడరే. పత్రికలు, బరువులు, ప్రోటీన్ పొడులు అన్నీ ఒకే ఇంటివి. ‘ప్రిడేటర్’ (1987), ‘టోటల్ రీకాల్’ (1990) ఆడుతున్న రోజుల్లో ఆర్నాల్డ్ గొప్పగా కనిపించిన కొద్దీ పొడి డబ్బాలకూ గిరాకీ పెరిగేది. అలాంటి చోట సినిమా గురించి నిజాయితీగా మాట్లాడే గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

నష్టపోయింది పాఠకుడు. కొన్ని వీడర్ ఉత్పత్తులు కండ పెంచుతాయన్న ప్రచారం అబద్ధమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టింది. 1985లో కుదిరిన ఒప్పందం ప్రకారం వాపసుల రూపంలోనో, పరిశోధనకో కనీసం 4 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. బాడీబిల్డింగ్ పోటీల రోజుల్లో తాను కండ పెంచే మందులైన స్టెరాయిడ్లు వాడానని ఆర్నాల్డ్ కూడా తర్వాత ఒప్పుకున్నారు. ఎన్ని సెట్లు చేయాలో లెక్కగా నేర్చుకున్న కుర్రాళ్లకు తెలియవలసింది ఆ మాట.

ఆ కాలపు అతిపెద్ద సైన్స్ ఫిక్షన్ పాత్రలో ఉన్నది కూడా ఒక వస్తాదే. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్ నల్లని కవచం లోపల నడిచింది డేవిడ్ ప్రౌజ్. బ్రిటన్ వెయిట్‌లిఫ్టింగ్ ఛాంపియన్, ఆరున్నర అడుగుల మనిషి. గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. 1983లో వచ్చిన తర్వాతి భాగంలో ముసుగు తీసినప్పుడు కనిపించిన ముఖం మరో నటుడిది. ప్రౌజ్ బలం ఆ నడకలో, ఆ నిలకడలో ఉంది. ఫొటో తీసి అమ్మడానికి అందులో ఒక్క కండ కూడా చిక్కదు. దేహం నటనకు ఎలా పనికొస్తుందో రాయాలనుకునే పత్రికకు ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది?

1991లో ‘టెర్మినేటర్ 2’తో, అందులో తల్లి పాత్ర వేసిన లిండా హామిల్టన్ చేతుల గురించి లోకమంతా మాట్లాడుకుంది. నెలల తరబడి ఆమె కసరత్తు చేశారు, ఇజ్రాయెల్ మాజీ కమాండో ఉజీ గల్ వద్ద ఆయుధాలు పట్టడం నేర్చుకున్నారు. ఆసుపత్రి గదిలో మంచాన్ని నిలబెట్టి, దాని చట్రాన్ని పట్టుకుని ఆమె పైకి లేచే దృశ్యం చూడండి. అది అందం కోసం చేసే కసరత్తు కాదు, కొడుకును కాపాడుకోవాలని ఒక తల్లి పడే ఆరాటం. ‘హామిల్టన్ చేతులు కావాలా?’ అనే తరహా రాతల్లో ఆ తల్లి కనబడదు. మన సినిమా పేజీల్లో విడుదలకు ముందు వచ్చే ‘సిక్స్ ప్యాక్ రహస్యం’ కథనాలదీ ఇదే దారి.

2004లో కాలిఫోర్నియా గవర్నర్‌గా ఉంటూనే ఆర్నాల్డ్ ‘మజిల్ అండ్ ఫిట్‌నెస్’, ‘ఫ్లెక్స్’లకు ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ అయ్యారు. హైస్కూల్ క్రీడాకారులు సప్లిమెంట్లు (కండ, బలం పెంచుతాయని అమ్మే పొడులు, మాత్రలు) వాడకుండా కట్టడి చేసే బిల్లును అదే ఏడాది వీటో చేశారు. పత్రికల ప్రకటనల ఆదాయంతో ముడిపడి, ఐదేళ్లలో కనీసం 80 లక్షల డాలర్లు ఇచ్చే ఒప్పందం ఆయనకు ఉందని 2005 జులైలో బయటపడింది. ఆ ప్రకటనల్లో ఎక్కువ భాగం సప్లిమెంట్లవే. కొద్ది రోజులకే ఆయన ఆ పదవి వదులుకున్నారు.