హతుడు గారి అధ్యక్షతన

నిన్న జరిగిందిది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. చల్లారేలోపు రాసేస్తున్నాను.

నేనో క్రైమ్ థ్రిల్లర్ రాస్తున్నాను, నాలుగు నెలలుగా. "సొంత అనుభవంలోంచి రాయి, అప్పుడే పండుతుంది" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. సలహా బాగానే ఉంది. నా అనుభవంలో నేరమంటూ ఉంటే, ఆఫీసులో ఎవరో నా కుర్చీ లాక్కెళ్లి చక్రం ఊడిన కుర్చీ పెట్టిపోవడం ఒక్కటే. దాని మీద మూడొందల పేజీలు రావు. అందుకని హంతకుడికి కావలసిన పగ మాత్రం నా జీవితంలోంచి తీసుకున్నాను. అది బోలెడుంది. మూడుసార్లు సెలవు అడిగితే మూడుసార్లూ "చూద్దాం" అన్న మనిషి రోజూ నాకు ఎదురుగానే కూర్చుంటాడు.

చంపడం మాత్రం చదివి నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట క్లోరోఫాం రుమాలు అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టగానే మనిషి టపీమని పడిపోవడం సినిమాల్లోనేనట. నిజంగా స్పృహ తప్పాలంటే నిమిషాల తరబడి అదిమి పట్టుకోవాలి. అంతసేపు దొరికితే మా మేనేజర్ రుమాలు లోపల్నుంచే రివ్యూ మీటింగ్ పెట్టేస్తాడు. తర్వాత ఆర్సెనిక్. ఒకప్పుడు ఆస్తి త్వరగా చేతికి రావాలనుకునేవాళ్లు వాడేవారని దానికి 'వారసత్వపు పొడి' అని ముద్దుపేరు ఉండేది. 1836లో జేమ్స్ మార్ష్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త శవంలో ఆర్సెనిక్ ఉంటే పట్టేసే పరీక్షను ప్రచురించి ఆ సరదా తీర్చేశాడు. నేను పుట్టడం బాగా ఆలస్యమైంది. చివరికి మెట్ల మీద నుంచి తోసేశాను. అక్కడా తప్పే. నేను రాసిన శవం పది నిమిషాల్లో కొయ్యబారింది. అసలు లెక్క ప్రకారం కనురెప్పలు, దవడ దగ్గర మొదలవడానికే రెండు మూడు గంటలు పడుతుంది, ఒళ్లంతా బిగుసుకోవడానికి దాదాపు పన్నెండు గంటలు. దవడ అంత ముందుగా ఆగిపోతుందంటే మా మేనేజర్ విషయంలో నాకు నమ్మకం కుదరలేదు కానీ, సైన్సు కదా, అలాగే దిద్దాను.

ఇక పేరు. మొదట చచ్చేవాడికి రావు అని పెట్టాను. మా ఆఫీసులో ఇద్దరు రావులున్నారని ఆలస్యంగా వెలిగింది. ఫైల్ మొత్తంలో 'రావు' తీసి 'మూర్తి' పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాను. అది చెప్పిన మాట వింది. "నోట మాటలు మూర్తి" అంది. "పోయిన ప్రాణాలు తిరిగి మూర్తి" అంది. పదకొండో అధ్యాయంలో భార్య కన్నీళ్లు పెట్టుకుంటూ "పెళ్లైనప్పటికీ ఇప్పటికీ నువ్వు చాలా మామూర్తి" అంది. పుస్తకంలో నేను కాస్త కష్టపడి రాసిన డైలాగు అదొక్కటే.

అంతా వెనక్కి తిప్పి, ఈ పేర్ల గొడవే వద్దని ఊరికే 'మేనేజర్' అని రాసుకుంటూ పోయాను. మొన్న రాత్రి మళ్లీ భయం పట్టుకుంది. 'మేనేజర్' అంటే చదివినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. తాత్కాలికంగా 'హతుడు' అని పెడదాం, పేరు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. ఆ ఎడిటర్‌లో 'అన్నీ మార్చు' అని ఒక బటన్ ఉంటుంది. దాని పక్కనే, అదే సైజులో, అదే రంగులో, 'తెరిచి ఉన్న ఫైళ్లన్నిటిలో మార్చు' అని ఇంకో బటన్ ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన మహానుభావుడు ఏ ఆఫీసులో పనిచేస్తున్నాడో తెలిస్తే నా రెండో నవలలో హతుడు సిద్ధం.

తెరిచి ఉన్న ఫైళ్లలో ఒకటి పోయిన నెల మీటింగ్ మినిట్స్.

మినిట్స్ రాయడం నా ఉద్యోగం కాదు. నేనేదో రాస్తుంటానని మేనేజర్ చెవిన పడింది. "మీరు రైటర్ కదండీ" అని నవ్వుతూ అంటగట్టాడు. ఆ నవ్వుకి పుస్తకంలో రెండు మెట్లు ఎక్కువ దొర్లించాను.

సరే, నిన్న పొద్దున పది గంటలు. కొత్త మీటింగ్ మొదలుపెట్టే ముందు పాత మీటింగ్ మినిట్స్ చదవడం మా ఆనవాయితీ. చదివేది అకౌంట్స్ మేడమ్. ఆవిడది రేడియోలో వార్తలు చదివే గొంతు. కాగితం మీద ఏది ఉంటే అది, కామాలతో సహా, కళ్లెత్తకుండా చదువుతారు. రేపు ప్రళయం అని రాసిచ్చినా అదే శ్రుతిలో చదివి నీళ్లు తాగుతారు.

"హతుడు గారి అధ్యక్షతన సమావేశం ప్రారంభమైంది."

నాకు వినపడింది. వినపడలేదనుకున్నాను. మనిషి మెదడు గొప్పది, మొదటి దెబ్బని లోపలికి రానివ్వదు.

"ఉద్యోగుల పనితీరుపై హతుడు గారు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశారు."

అప్పుడు అరికాళ్ల నుంచి చెమట మొదలైంది. చుట్టూ చూశాను. పన్నెండు మంది ఉన్నారు, పన్నెండు మందీ తలాడిస్తున్నారు. ఇన్నేళ్లుగా ఈ మీటింగుల్లో ఎవరూ ఏదీ వినడం లేదని నాకు నిన్ననే రుజువైంది. మేనేజర్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆగమందామంటే గొంతు పెగల్లేదు. నీళ్ల గ్లాసు తన్నేస్తే కాగితం తడిసిపోతుందని లెక్క వేశాను. చేయి జాపాను కూడా. గ్లాసు ఖాళీ.

"సెలవు కావలసినవారు ఇకపై హతుడు గారిని నేరుగా కలవాలి."

ఇక్కడ ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజర్ తలెత్తాడు. మేడమ్ మాత్రం ఆగలేదు.

"హతుడు గారు అందుబాటులో లేని పక్షంలో అసిస్టెంట్ హతుడు తుది నిర్ణయం తీసుకుంటారు."

గదిలో గాలి కూడా ఆగింది. మేనేజర్ ఫోన్ బోర్లించి, చాలా నెమ్మదిగా, "అసిస్టెంట్ హతుడు ఎవరు?" అన్నాడు.

మా అసిస్టెంట్ మేనేజర్ చేయెత్తాడు.

పాపం, ఆయన తప్పు లేదు. 'అసిస్టెంట్' అనే మాట వినపడితే చేయి దానంతటదే లేస్తుంది, పదహారేళ్ల సర్వీసు. ఎత్తిన చేయి దించాలా వద్దా అని అందరి మొహాలూ చూస్తుండగా, మూల నుంచి మా సీనియర్ గుమస్తా గొంతు సవరించుకున్నాడు. వ్యాకరణం తప్పితే ఆయనకి అన్నం సహించదు. "వ్యక్తం చేశారు అని క్రియకి గౌరవం ఇచ్చి, కర్తని హతుడు అని ఏకవచనంలో పెట్టడం సబబు కాదండీ. హతులు గారు అనాలి" అన్నాడు.

ఆ తర్వాత పది నిమిషాలు నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. 'నవల', 'బటన్', 'పక్కపక్కనే' అనే మాటలు వచ్చాయని పక్కసీటు వాళ్లు చెబుతున్నారు.

బయటికొచ్చి చేసిన తెలివైన పని ఇంకోటుంది. మినిట్స్ ముందురోజే అందరికీ మెయిల్‌లో పంపేశాను కదా, దాన్ని రీకాల్ చేశాను. దాంతో "ఫలానావారు ఈ మెయిల్‌ని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు" అని ఒక్కొక్కరికీ వేరే మెయిల్ వెళ్లింది. అప్పటిదాకా తెరవనివాళ్లు కూడా తెరిచారు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి మేనేజర్‌ని "బాగానే ఉన్నారు కదా?" అని అడిగాడట.

మేనేజర్ నన్ను పెద్దగా ఏమీ అనలేదు. సాయంత్రం పిలిచి, "నాకు మెట్లంటే ఎప్పట్నుంచో భయం, మీకెలా తెలిసింది?" అన్నాడు. నవల అడిగి తీసుకున్నాడు. నలభై పేజీలు చదివాడట, ముగింపు నెమ్మదిగా ఉందట. సెలవు సంగతి కదిపితే మళ్లీ "చూద్దాం" అన్నాడు.

ఇదంతా రాస్తుంటే ఇప్పుడే ఇంకోటి తట్టింది. ఆ రాత్రి తెరిచి ఉన్న ఫైళ్లలో నా సెల్ఫ్ అప్రైజల్ కూడా ఉంది. నిన్న మీటింగ్‌కి వెళ్లే ముందే హెడ్డాఫీసుకి పంపేశాను. అందులో మొదటి వాక్యం: "ఈ ఏడాది హతుడు నాకు అప్పగించిన పనులన్నిటినీ ఎవరికీ అనుమానం రాకుండా, గడువులోపే ముగించాను." అక్కడ నేను రాసింది 'అనుమానం' అనో 'ఇబ్బంది' అనో సరిగ్గా గుర్తులేదు. ఫైల్ తెరిచి చూడాలంటే చేతులాడటం లేదు.