తెర తీయగా కోట

మా నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఒక పెద్దమనిషి, మరికొన్ని రాళ్లు చూడటానికి ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్లి వచ్చారు. అప్పటి నుంచి ఆదివారాలు మావి కావు. పిలుపు వస్తుంది, మలై కాజా పెడతారు, తలుపు గడియ వేస్తారు.

ఓడ ఇన్వర్‌గోర్డన్ రేవులో ఆగుతుంది. యాత్రికుల ఛాతీకి అంకె అంటించి, బస్సెక్కించి, గంటకు పైగా తిప్పి నెస్ సరస్సు ఒడ్డున అర్కర్ట్ కోట దగ్గర దించుతారు. 1692లో కోట ఖాళీ చేసి పోతూ, శత్రువుకు దక్కకూడదని కాపలా సైన్యమే మందు పెట్టి పేల్చేసింది. మిగిలిన మొండిగోడలకు ఇప్పుడు టికెట్టు. ముందు చీకటి హాలులో చిన్న సినిమా వేస్తారు. అది అయిపోగానే తెరలు తొలగి, అద్దాల్లోంచి అసలు కోట కనిపిస్తుంది. జనం ఆహా అంటారు.

ఆ ఆహా మీద మనసు పారేసుకోవడంతో మా ప్రాణానికొచ్చింది. ఆయన హాలులో లైట్లు ఆర్పారు. టీవీలో కోట వీడియో, అందులో ముప్పాతిక భాగం ముందు నిలబడ్డవారి టోపీ. నీళ్లలో ఎక్కడో చిన్న అల కదిలితే ఆపి, వెనక్కి తిప్పి, "అదే నెస్సీ!" అన్నారు. ఆ సరస్సులో ఉందని జనం చెప్పుకునే వింత జంతువు పేరు అది. 1934లో లోకాన్ని నమ్మించిన నెస్సీ ఫొటో బొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసిందని 1994లో బయటపడింది కదండీ అంటే, "మీరు వెళ్లారా?" అన్నారు. వెళ్లనివాడికి నోరెక్కడిది? ఆ సరస్సు లోతు సుమారు 230 మీటర్లని విన్నప్పుడు మాత్రం ఆయన ముఖంలో నిజమైన దిగులు కనిపించింది; రొయ్యలకు గాలి అందేలా నీళ్లు చిలికే ఏరేటర్లు ఎన్ని తిప్పితే సరిపోతుందని లోలోపల లెక్క వేసుకుని ఉంటారు. వీడియో ముగియగానే మనవడికి సైగ చేశారు. కుర్రవాడు సర్రున కర్టెన్ లాగాడు. కిటికీలోంచి పక్కింటివారి నీళ్ల ట్యాంకు దర్శనమిచ్చింది. ఆహా అన్నాం. కాజా తిన్న నోరు కదా!

"మన ఉదయగిరి ఎప్పుడైనా ఎక్కారా?" అని ఎవరో అమాయకంగా అడిగారు.

"అక్కడేముందండీ, రాళ్లు తప్ప!"

ఏముందా? కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల చేతుల్లోంచి లాక్కున్న దుర్గం అది. అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి, ఏకంగా గుడి కట్టించాడు. నెల్లూరుకు వంద కిలోమీటర్ల దూరం. ఆ గోడలు మన సిరాతో, సున్నంతో రాసిన ప్రేమకథలు మోస్తున్నాయి. గుప్తనిధులంటూ గునపాలు పట్టుకుని రాత్రిపూట గుడుల పునాదులు పెకలించే దొంగలు ఏ దేశం నుంచీ దిగలేదు. మన మధ్యే తిరుగుతూ, పొద్దున లేచి మనతోనే టీ తాగుతున్నారు. వాళ్లను పట్టుకోవాల్సినవారు నిద్రపోతుంటే అడగడానికి మనకు తీరిక లేదు. అక్కడ శత్రువుకు దక్కకూడదని కూల్చారు. ఇక్కడ ఏ శత్రువు వస్తాడని?

నా గొంతు పెరిగినట్టుంది. పెద్దమనిషి నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి, "కొండ మీద బాత్రూములున్నాయా?" అన్నారు. లైట్లు మళ్లీ ఆర్పారు. నార్వే రేవులు మిగిలిపోయాయట.