ఆక్స్‌ఫర్డ్‌కు బస్సు అక్కర్లేదు

కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం మన సంఘం ఏటా ఆక్స్‌ఫర్డ్‌కు ఒక బస్సు వేస్తోంది. ఉద్దేశం మంచిదే. అయితే గత ఏడాది ఆ బస్సులో నేనూ వెళ్లాను గనుక చెబుతున్నాను: ఊళ్లో ఉన్న నాలుగు గంటల్లో గంటకు పైగా క్రైస్ట్ చర్చ్ కళాశాల భోజనశాల చూడడానికి వరుసలో నిలబడడంతోనే సరిపోయింది, మరో గంట రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గుండ్రటి గ్రంథాలయ భవనం ముందు గ్రూపు ఫొటోలకు పోయింది, చివరికి పులిహోర పొట్లాలు బస్సులోనే విప్పుకుని తిరుగుముఖం పట్టాం. అక్కడే ఉండి చదువుకుంటున్న మన పిల్లల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేదు. గది, లైబ్రరీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం, కౌలీ రోడ్డులో సరుకులు. ఏడాది కోర్సు ఇంతలోనే అయిపోతుంది.

ఆ ఊళ్లో విద్యార్థి తప్పక చూడవలసిన చోట్లలో చాలావాటికి టికెట్టు లేదు కాబట్టి, ఒక్కపూటలో అన్నీ చుట్టేయాలన్న ఆరాటమూ అక్కర్లేదు. 1860లో తెరిచిన నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఒక్కో స్తంభాన్నీ బ్రిటన్‌లో దొరికే ఒక్కో రకం రాతితో చెక్కించి, ఏ రాయి ఏదో కిందనే పేరు వేశారు. భూగర్భశాస్త్రం చదివేవారికి ఆ భవనమే ఒక పాఠం. దాని వెనుక గుమ్మం దాటితే పిట్ రివర్స్ మ్యూజియం. అక్కడ వస్తువులను దేశాలవారీగా కాక రకాలవారీగా పేర్చారు: తాళాలన్నీ ఒకచోట, వేణువులన్నీ ఒకచోట, తాయెత్తులన్నీ ఒకచోట. ససెక్స్‌లో ఒక ముసలామె ఇచ్చిన చిన్న వెండిపూత సీసా ఒకటుంది. అందులో మంత్రగత్తెను బంధించారని, మూత తీస్తే ముప్పు తప్పదని ఆమె చెప్పిందట. బీరువాల కింది సొరుగులను మనమే లాగి చూడవచ్చు. ఈ సంగతి తెలియక, అద్దాల్లోంచి కనిపించినంత మేరకే చూసి వచ్చేసేవారు చాలామంది ఉన్నారు.

మనవాళ్లు ప్రత్యేకంగా వెతుక్కుని వెళ్లవలసిన చోటు యూనివర్సిటీ కాలేజీ ప్రార్థనాలయంలోని సర్ విలియం జోన్స్ స్మారక ఫలకం. ఆ కళాశాల విద్యార్థి ఎవరైనా తోడుంటే చూడడం తేలిక. శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కిన ఆ పాలరాతి ఫలకంలో, కలకత్తాలో న్యాయమూర్తిగా పనిచేసిన జోన్స్ కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. చెప్పే పండితులు ముగ్గురూ నేల మీద కూర్చుని ఉంటారు. మన సంప్రదాయంలో నేర్పేవాడి ఆసనం ఎత్తులోనూ, నేర్చుకునేవాడి చోటు కిందా ఉంటుంది. ఇక్కడ అది తలకిందులైంది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికం ఉందని 1786లో ప్రకటించినవాడు ఈ జోన్సే. తెలుగు మాత్రం సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ నిరూపించిన సంగతి తెలిసినవారికి ఆ ఫలకం ముందు నిలబడితే ఆలోచించుకోవడానికి చాలా ఉంటుంది.

అక్కడికి కొద్ది నిమిషాల నడకలో, బ్రాడ్ స్ట్రీట్ చివర ఒక భవనం మీద గాలి దిక్కును చూపే ఏనుగు బొమ్మ కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ సంస్కృత ఆచార్యుడు మోనియర్ విలియమ్స్ మన సంస్థానాధీశుల దగ్గర కూడా చందాలు పోగుచేసి కట్టించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ అదే. ఇప్పుడు అందులో వేరే విభాగం నడుస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ వెంటనే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ఆచార్య పదవిలో చేరి 1952 వరకు కొనసాగారు, ఆల్ సోల్స్ కళాశాలకు ఫెలోగా కూడా ఉన్నారు. రాడ్‌క్లిఫ్ కెమెరా ముందు మేము ఫొటోలు దిగింది ఆ కళాశాల పక్కనే. ఆ మాట బస్సులో ఒక్కరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియం గురించి ఒక్క మాటే చెబుతాను. 1967లో సోథెబీ వేలంలో కొన్న తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం తమిళనాడులోని ఒక ఆలయం నుంచి పోయినదని తేలడంతో, దాన్ని తిరిగి ఇవ్వడానికి విశ్వవిద్యాలయం 2024లో సమ్మతించింది. కాబట్టి మన పిల్లలు ఆ గదుల్లో ప్రతి విగ్రహం ముందూ ఆగి, ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని అడగాలి. వివరాల చీటీలో ఆ సమాధానం ఉందో లేదో చూసుకోవాలి.

అన్నీ నాలుగు గోడల మధ్య ఉన్నవే కాదు. ఊరికి వాయవ్యాన థేమ్స్ ఒడ్డున పోర్ట్ మెడో అనే పచ్చిక బయలుంది. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే మేత పోరంబోకు. ఊరివారి పశువులు మేసే హక్కు ఇంగ్లండ్ భూములన్నిటికీ తీసిన 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లోనే నమోదైంది; నేటికీ ఆవులు, గుర్రాలు అక్కడ మేస్తూనే ఉన్నాయి. పరీక్షల ముందు రాత్రుళ్లు నిద్ర పట్టని విద్యార్థికి నేనైతే ముందుగా ఆ దారే చూపిస్తాను.

టైము లేదని విద్యార్థులు, అందరినీ ఒకేసారి కలపాలంటే బస్సే మార్గమని కార్యవర్గ సభ్యులు అంటారు. రెండో మాటను కాదనను. కానీ యాభై మంది వెంట నడుస్తూ జోన్స్ ఫలకాన్ని చూడడం అయ్యే పని కాదు. బస్సు అద్దెకు పెట్టే డబ్బుతో, అక్కడే చదువుతున్న సీనియర్లు నెలకు ఒక ఆదివారం ఐదారుగురిని వెంటబెట్టుకుని ఒక్క చోటికే తీసుకెళ్లే ఏర్పాటు చేయవచ్చు. ఆ ఐదారుగురి రైలు ఛార్జీలు, మధ్యాహ్న భోజనం సంఘం భరిస్తే చాలు. పోర్ట్ మెడో వంతు వచ్చిన నెలలో మాత్రం గట్టి బూట్లు వేసుకు రమ్మని ముందే చెప్పాలి. చలికాలంలో సగం బయలు వరద నీటిలోనే ఉంటుంది.