ఆ రాత్రి ఆస్కార్ వద్దన్నది ఎవరు?

మొన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో మళ్ళీ అదే పోస్టు పెట్టారు. 'గాడ్‌ఫాదర్'కి వచ్చిన ఉత్తమ నటుడి ఆస్కార్‌ని మార్లన్ బ్రాండో గడ్డిపోచలా తీసిపారేశాడట, దమ్మంటే అదీ అట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

నాకు ఒళ్ళు మండింది. బ్రాండో మీద కోపం కాదు, ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. కానీ ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది కదా, ఒక్కసారి చూసి పెట్టొచ్చుగా!

1973 మార్చి 27. రోజర్ మూర్, లివ్ ఉల్‌మన్ విజేత పేరు చదివారు. బ్రాండో రాలేదు. ఆయన తరఫున నడుచుకుంటూ వచ్చింది, ఆదివాసీనని చెప్పుకున్న 26 ఏళ్ల నటి సషీన్ లిటిల్‌ఫెదర్. మూర్ ఆస్కార్ బొమ్మ అందించబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది. సినిమాల్లో, టీవీల్లో అమెరికా ఆదివాసీలను చూపిస్తున్న తీరు నచ్చక బ్రాండో ఈ అవార్డు తీసుకోవడం లేదని చెప్పింది. సౌత్ డకోటాలోని వూండెడ్ నీలో అప్పటికి నెల రోజులుగా ఆదివాసీ ఉద్యమకారులు బైఠాయించి ఉన్నారు, చుట్టూ సర్కారు తుపాకులు. ఆ మాటా ఎత్తింది. హాల్లో సగం చప్పట్లు, సగం వెక్కిరింపు అరుపులు. ఆ అమ్మాయి తల దించుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మాట్లాడింది. బ్రాండో రాసిచ్చిన కాగితాల కట్ట చేతిలోనే ఉంది, చదవడానికి టైమ్ ఇవ్వలేదు.

హాల్లో లేని మనిషికి పేరు, నిలబడ్డ పిల్లకి అరుపులు. సొమ్మొకడిది, సోకొకడిది!

అసలు వద్దనడమే గొప్పయితే నటుడు జార్జ్ సి. స్కాట్ పేరు ఎవరూ ఎత్తరేం? 'ప్యాటన్' సినిమాకి నామినేషన్ రాగానే నన్ను పోటీలోంచి తీసెయ్యండని ముందే చెప్పేశాడు. అయినా 1971లో ఆయన్నే గెలిపించారు. రాలేదు, తీసుకోలేదు. ఇంకొకరిని పంపనూ లేదు. బ్రాండో మాత్రం 1955లో 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్'కి నవ్వుతూనే పుచ్చుకున్నాడు.

ఆ 1973 రాత్రే ఒక విచిత్రం. 'గాడ్‌ఫాదర్' ఉత్తమ చిత్రమే, కానీ మొత్తం మీద వచ్చినవి 3. 'క్యాబరే' 8 ఎత్తుకుపోయింది, 'గాడ్‌ఫాదర్' తీసిన కపోలాకి రావాల్సిన డైరెక్టర్ అవార్డుతో సహా (నా లెక్కలో రావాల్సిందే, వాదించకండి). 'గాడ్‌ఫాదర్'కి సంగీతం ఇచ్చిన నీనో రోటా బాణీ పాత ఇటాలియన్ సినిమాలో వాడిందేనని నామినేషన్ పీకేశారు. ఆ సంగీతం అవార్డు ఎవరికి వెళ్ళిందనుకున్నారు? చాప్లిన్ 'లైమ్‌లైట్'కి! 1952 సినిమా. లాస్ ఏంజెలెస్‌లో 1972 దాకా ఆడలేదు కాబట్టి రూల్ ప్రకారం కొత్తదే. రెండేళ్ళకి 'గాడ్‌ఫాదర్' రెండో భాగానికి రోటాకి ఇచ్చారు, అందులోనూ మొదటి భాగం బాణీలు వినిపిస్తూనే ఉంటాయి.

ఆస్కార్లంటే నాకు పడదని కాదు. 'నాటు నాటు'కి వచ్చినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను, కాదనను.

లిటిల్‌ఫెదర్‌కి ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ 2022లో క్షమాపణ చెప్పింది. దాదాపు 50 ఏళ్ళకి! ఆ అక్టోబరులోనే ఆమె పోయింది. పోయాక, మాది ఆదివాసీ వంశమే కాదని సొంత చెల్లెళ్ళే అన్నారు. ఆ గొడవ ఎటు తేలినా, ఆ రాత్రి పడిన అరుపులు మాత్రం ఆమెకే పడ్డాయి.

ఇదంతా గ్రూపులో టైప్ చేస్తే ఒకడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇంకొకడు అడిగాడు: "ఇంతకీ ఆ అమ్మాయి గాడ్‌ఫాదర్‌లో ఏ క్యారెక్టర్ రా?"