ఇంటికి నెట్ పాయింట్లా? ఎంత అపచారం!

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ మధ్య ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. స్లాబ్ పోయకముందే, గోడలకు గాడి కొట్టకముందే, ఏ గదిలో నెట్ పాయింట్ రావాలి, రౌటర్ ఎక్కడ పెట్టాలి అని కాగితం మీద గీసుకుంటున్నారట. మన గృహనిర్మాణ సంప్రదాయానికి ఇంతకంటే పెద్ద ముప్పు లేదని సవినయంగా మనవి.

మన పద్ధతి ఏమిటి? పూజగది తలుపు ఏ చెక్కతో చేయించాలి, కమోడ్ ఏ దిక్కుకు తిరగాలి అని ఇంటిల్లిపాదీ నెలల తరబడి కొట్టుకోవాలి. ఫాల్స్ సీలింగ్‌లో రంగులు మారే లైట్లు పెట్టించాలి, అవి గృహప్రవేశం రోజు తప్ప మళ్లీ వెలగకూడదు. పెయింటింగ్ రెండో కోటు కూడా ఆరాక, అప్పుడు, ఇంటర్నెట్ కుర్రాడికి ఫోన్ చేయాలి. అతను బైకు మీద వచ్చి కొత్త గోడ వంక ఆప్యాయంగా చూసి, "డ్రిల్ చేసేయమంటారా సార్, కిటికీలోంచి లాగేయమంటారా?" అని అడుగుతాడు. గోడ మీద ప్రేమతో మీరు కిటికీ అంటారు. దోమల మెష్‌కు ఓ మూల చిల్లు పడుతుంది, దోమలకు దారి దొరుకుతుంది, కిటికీ తలుపు వేసినప్పుడల్లా ఆ సన్నటి ఫైబర్‌ను కాస్త కాస్త నొక్కుతుంది. లోపలున్నది గాజు పోగు కాబట్టి ఏదో ఒక రోజు, సరిగ్గా అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు, పుటుక్కుమని, నెట్ డబ్బా మీద ఎల్ఓఎస్ (అంటే సిగ్నల్ రావట్లేదని) రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంత కథ నడవాలంటే ముందే గోడలో నెట్ వైరు కోసం పైపు వేసిన ఇంట్లో కుదురుతుందా?

ఇక మేస్త్రీ గారి మాట వేదం. "ఇప్పుడంతా వైఫై కదండీ, వైర్లెందుకు?" డల్లాస్‌లో ఉన్న అబ్బాయి మాత్రం వీడియో కాల్‌లో ఒకటే పోరు, "నాన్నా, గది గదికీ కేట్ సిక్స్ లాగించండి" అని. కేట్ సిక్స్ అంటే నెట్ కోసం వేసే రాగి కేబుల్ లెండి. వాడుండేది చెక్క చట్రానికి జిప్సం అట్టలు బిగించిన ఇల్లు, సిగ్నల్ సగం ఊరికే దూరిపోతుంది, అయినా వాడికి వైర్లు కావాలి. మనది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పైన ఇనుప చువ్వలు దట్టంగా వేసిన స్లాబ్. 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ రెండు గోడలు దాటేసరికే ఆయాసపడుతుంది, మనకెందుకండీ వైర్లు? పై అంతస్తులో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే కోడలు మీటింగ్ ఉన్నప్పుడల్లా లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మలుపులో కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లందరికీ కనిపిస్తుంది, కుటుంబ బంధాలు బలపడతాయి.

దిక్కుల సంగతి కూడా తేల్చాలి. వాయువు గాలికి అధిపతి, వైఫై పోయేది గాలిలోనే, కనుక రౌటర్ వాయవ్యంలో ఉండాలని ఈ వ్యాసకర్త సిద్ధాంతం. దానికి సరిగ్గా ఎదురు మూల ఆగ్నేయం, అంటే వంటిల్లు. యూట్యూబ్ చూస్తూ గుత్తి వంకాయ వండేవాళ్లకు మసాలా నూరే దగ్గర బొమ్మ ఆగిపోతుంది, మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు వండుకోవచ్చు. ఇల్లు మధ్యలో, కాస్త ఎత్తున పెడితే అన్ని వైపులకూ సమంగా అందుతుందని కొందరు వాదిస్తారు. బ్రహ్మస్థానంలో చైనా డబ్బానా!

మొండికేసి వేయించేవాళ్లకు మన ఎలక్ట్రీషియన్ ఉండనే ఉన్నాడు. ప్రతి పాయింట్ నుంచీ విడిగా ఒక కేబుల్ నేరుగా రౌటర్ దగ్గరికి రావాలని మీరు ఎంత మొత్తుకున్నా, ఆయన ఫ్యాన్ పాయింట్ లాగినట్టే ఒక గది నుంచి ఇంకో గదికి లూప్ కొట్టుకుంటూ పోతాడు. ఏసీ కరెంటు వైరు పోయే పైపులోనే దీన్నీ దూర్చేస్తాడు, పైపు ఖర్చు మిగిలిందని మిమ్మల్నే మెచ్చుకోమంటాడు. కేబుల్ ఆయనే తెస్తాడు. 305 మీటర్ల డబ్బా మీద కేట్ సిక్స్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీరితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. దయచేసి గీరకండి, బంధాలు దెబ్బతింటాయి.

ఇంత చెప్పినా పైపు వేయించి తీరతానంటే మీ ఖర్మ. కనీసం అంగుళం పైపు వద్దు, ముప్పావు అంగుళంది వేయించి నాలుగు చోట్ల గట్టి మెలికలు పెట్టించండి, ఇంకో కేబుల్ దూరాలన్నా దూరకూడదు. రేపు వైరు లాగడానికి పనికొస్తుందని లోపల తాడు వదిలేస్తారేమో, అసలే వద్దు. రౌటర్ పాయింట్‌ను ఇన్వర్టర్ లైనులో కలపకండి, కరెంటు పోయినప్పుడైనా నెట్ పోవాలిగా. ఏ పైపు ఎటు పోయిందో ఫోటోలు తీసుకోవడం మాత్రం మహాపాపం, గోడ ఎక్కడ పగలగొట్టాలో వెతుక్కునే భాగ్యం మీ పిల్లలకు దక్కకుండా పోతుంది.