ఒక్క పద్యం, పన్నెండు ఊపిర్లు

జూలైలో ఎండ బాగా పడ్డాక లావెండర్ పొద దగ్గర పది నిమిషాలు నిలబడి ఒక్క తేనెటీగనే చూడండి. పక్కనే గులాబీ విరగబూసి ఉంటుంది, దాని పక్కన బంతి. ఆ ఈగ లావెండర్ మీంచి లేచి, గులాబీ మీదుగా ఎగిరి, మళ్ళీ లావెండర్ మీదే వాలుతుంది. మేతకు బయల్దేరిన తేనెటీగ ఆ విడతకు చాలావరకు ఒకే జాతి పువ్వును పట్టుకుని ఉంటుంది. ఆ పువ్వులో తేనె ఎక్కడుందో, మూతి ఎటునుంచి దూర్చాలో నేర్చుకోవడానికి దానికి కొంత సమయం పడుతుంది. పువ్వు మారిస్తే నేర్చుకోవడం మళ్ళీ మొదటికొస్తుంది. బొద్దుగా ఉండే బంబుల్‌బీకి ఇంత పట్టుదల ఉండదు, అది దారిలో దొరికిన పువ్వు మీదల్లా వాలుతుంది.

15వ శతాబ్దంలో బమ్మెర పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి చేత పలికించిన సీసపద్యం మొదలయ్యేది ఇలాంటి చూపుతోనే. ఆయన చెప్పింది తుమ్మెద గురించి.

మందార మకరంద మాధుర్యమున దేలు
మధుపంబు వోవునే మదనములకు
నిర్మల మందాకినీ వీచికల దూగు
రాయంచ సనునే తరంగిణులకు
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు
పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం
బరుగునే సాంద్ర నీహారములకు
అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పాన విశేష మత్త
చిత్త మేరీతి నితరంబు జేరనేర్చు
వినుత గుణశీల! మాటలు వేయునేల?

మనశ్శాంతి కోసం నెలనెలా యాప్‌లకు డబ్బు కట్టే, విదేశాల్లోని మన తెలుగు ఇళ్ళలో ఈ పద్యం ఏడాదికోసారి ఉగాది వేదిక మీద పిల్లలు గడగడా అప్పజెప్పేదిగా మిగిలిపోయింది. రెండు నిమిషాల గడువు, ఒక కప్పు, ఒక ఫోటో. పిల్లలు నేర్చుకోవడం మంచిదే. కానీ ఈ పద్యం అవసరం నలభై ఏళ్ళవాళ్ళకు ఎక్కువ. వీసా కాగితం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళకు, ఊళ్ళో అమ్మానాన్నల ఆరోగ్యం గురించి రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుందేమోనని నిద్రపట్టనివాళ్ళకు. ధ్యానానికి కావలసిన పనిముట్టు ఇందులో మొత్తం ఉంది: ఊపిరికి కొలత, మనసు నిలపడానికి బొమ్మ, చివర్లో మౌనం. దాన్ని ఎలా వాడాలో చెప్పేవాళ్ళే తక్కువయ్యారు.

ముందు అర్థం. ఇక్కడ తప్పు పోతే మిగతాదంతా వంకరగా సాగుతుంది. ఇందులోని మందారం మన పెరటి ఎర్ర మందారం కాదు, స్వర్గంలో ఉన్నాయని చెప్పే అయిదు దేవతా వృక్షాల్లో ఒకటి. మదనములు అనగానే మన్మథుడు గుర్తొస్తాడు, కానీ ఇక్కడ అవి ఉమ్మెత్త పూలు. రాయంచ రాజహంస, మందాకిని ఆకాశగంగ. తరంగిణులు మామూలు ఏరులు. లేత మామిడి చిగురు తిని సొక్కిన కోయిల కుటజం దగ్గరికి, అంటే కొడిసెపాల చెట్టు దగ్గరికి పోతుందా? ఆయుర్వేదంలో దాని చేదు బెరడు మందు. నిండు పున్నమి వెన్నెల తాగే చకోరం దట్టమైన మంచులోకి పోతుందా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

క్రియలను గమనించండి. వోవునే, సనునే, సేరునే, అరుగునే. ‘పోవడం’ అనే ఒక్క పనికి నాలుగుచోట్ల నాలుగు మాటలు. ధ్యానంలో మనసు జారిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. పద్యం పూర్తయ్యాక రెండో పాదంలో, అంటే పైన మూడు, నాలుగు వరుసల్లో, ఏ క్రియ పలికారో గుర్తు రాకపోతే, పద్యం నోట నడిచింది, మీరు ఆఫీసులో ఉన్నారు. మరో విశేషం తేటగీతిలో, అంటే సీసం చివర వచ్చే నాలుగు చిన్న పాదాల్లో ఉంది. ‘అంబుజోదర’ దగ్గర మొదలైన సమాసం మూడో పాదంలోని ‘చిత్తము’ దాకా తెగదు. విష్ణువు, పాదాలు, తామర, ధ్యానం, అమృతం, పానం, మత్తు అన్నీ వచ్చాక చిట్టచివర మనసు వస్తుంది.

కంఠస్థం చేయడానికి వారం పెట్టుకోండి. అట్టముక్క మీద చేత్తో రాసుకోవాలి. ఫోన్ తెరమీద చూసి చదివితే పద్యం మధ్యలో మెసేజ్ తలదూర్చుతుంది. మొదటి నాలుగు రోజులు రోజుకు ఒక సీసపాదం, తర్వాతి రెండు రోజులు తేటగీతి రెండేసి పాదాలు, ఏడోరోజు మొత్తం. పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, కారు ఎక్కే ముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చాలు. గంట కూర్చుని రుబ్బితే నాలుకకు వస్తుంది కానీ మూడోరోజుకు విసుగొస్తుంది.

ఇక ఊపిరి. సీసంలో ప్రతి పాదం రెండు సగాలుగా విరుగుతుంది. నాలుగు పాదాలకు ఎనిమిది, తేటగీతికి నాలుగు, వెరసి పన్నెండు. పైన అచ్చువేసిన ఒక్కో వరుసను ఒక నిశ్వాసంలో, అయిదారు సెకన్లలో పలకండి. తర్వాత నాలుగు సెకన్లు ముక్కుతో గాలి పీల్చుకోండి. ఇలా వరుసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిర్లు, పద్యానికి రెండు నిమిషాలు. కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళ ఊపిరి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఆడుతుంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదలడం నిదానిస్తే గుండె కూడా నిదానిస్తుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన, బౌద్ధుల ‘ఓం మణి పద్మే హుం’ రెండూ పలికేవారి ఊపిరిని ఇంచుమించు ఈ ఆరు దగ్గరికే తెచ్చాయి.

చాలామంది తడబడేది ఏడో వరుస చివర. ‘చకోరకంబు, అరుగునే’ అన్న రెండు మాటలు కలిసిపోయి, విరుపు సరిగ్గా మాట మధ్యలో పడుతుంది. గాలి చాలక అక్కడ గుటక పడుతుంది. ‘చకోరకం’ దగ్గర సున్నను పెదవులు మూసి ‘మ్‌’ అని సన్నగా సాగనివ్వండి. అది ఆగిన చోట గాలి పీల్చుకుని ‘బరుగునే’ అందుకోండి. రెండు మూడు రోజుల్లో ఆ సున్నే మీకు ఇష్టమైన చోటవుతుంది. యతి వచ్చిన ప్రతిచోటా ఆగాలని ఇంకొందరు అనుకుంటారు. సంస్కృతంలో యతి విరామమే. తెలుగులో అది అక్షరాల మైత్రి, అక్కడ ఆగనక్కర్లేదు.

రోజువారీ కూర్చోవడానికి పావుగంట చాలు. కుర్చీ అయినా ఫర్వాలేదు, పాదాలు నేలకు ఆనాలి, వీపు కుర్చీకి జారబడకూడదు. రెండు నిమిషాలు ఊరికే ఊపిరిని గమనించండి. తర్వాత పద్యం మూడుసార్లు: మొదట వినబడేలా, రెండోసారి పెదవులు మాత్రమే కదిలేలా, మూడోసారి మనసులో. జపంలో పెద్దలు వాచికం, ఉపాంశు, మానసికం అన్న వరుస ఇదే. ఆరు నిమిషాలయ్యాయి. ‘మాటలు వేయునేల’ అన్నాక మరో మాట వద్దు. ఏడు నిమిషాలు అలాగే ఉండిపోండి. వెయ్యి మాటలెందుకని పద్యమే అడిగాక మనం మాట్లాడితే బాగుండదు. నిజానికి ఈ సాధన అంతా ఆ ఏడు నిమిషాల కోసమే. పద్యం మిమ్మల్ని గుమ్మం దాకా తెచ్చి దింపుతుంది.

వేళ్ళు తిమ్మిరెక్కినా, తల తేలిపోతున్నట్టున్నా గాలి మరీ ఎక్కువగా పీల్చి వదులుతున్నారని అర్థం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే అలా అవుతుంది. పద్యం ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. నాటక పద్యంలా రాగం తీసేవారికి ఇది తొందరగా వస్తుంది. పైగా రాగం ఎత్తుకున్నాక చెవి తీర్పరిగా మారి, శ్రుతి కలిసిందా లేదా అని చూస్తుంది. ధ్యానానికి మాట్లాడే గొంతు చాలు. పదిరోజులకల్లా పద్యం దానంతటదే దొర్లడం మొదలవుతుంది, మనసు ఇంటి లోను మీదకు పోతుంది. అప్పుడు పద్యం మార్చకండి. ఆ తేనెటీగ సంగతి ఇక్కడా అంతే, పువ్వు మారిస్తే నేర్పు మొదటికొస్తుంది. ఒక వారం వేగం ఇంకొంచెం తగ్గించండి, లేదా వోవునే, సనునే, సేరునే, అరుగునే అన్న నాలుగు చోట్ల మాత్రం ఒక క్షణం ఎక్కువ నిలవండి.

దేవుడి మీద నమ్మకం లేనివారికి, పాదారవిందాల దగ్గర మనసు ఒప్పనివారికి వేమన ఉన్నాడు. ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు’ అనే ఆటవెలది నాలుగు ఊపిర్లలో అయిపోతుంది, సాధన గురించే చెబుతుంది. మూడు బదులు తొమ్మిదిసార్లు అనుకోండి. చిన్నపిల్లలకూ అదే నయం.

ఇంట్లో కుదిరాక బయటికి తీసుకెళ్ళండి. నలభై నిమిషాల నడక. మొదటి పది నిమిషాలు పద్యం వద్దు, చెవులతో నడవండి: దగ్గరి శబ్దం, దూరపు శబ్దం, రెండింటి మధ్య నిశ్శబ్దం. తర్వాత ఒక్కో వరుసకు ఆరు అడుగులు, ఊపిరి పీల్చడానికి నాలుగు. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లెక్క నిలవదు, అక్కడ పద్యం వదిలేసి దిగాక అందుకోండి. చివర పది నిమిషాలు ఒకే చెట్టు దగ్గర నిలబడాలి, వారం వారం అదే చెట్టు. దాని పేరు నేర్చుకోండి. షుగర్ మేపుల్‌ని షుగర్ మేపుల్‌గానే చూడాలి. ఎక్కడికెళ్ళినా మన వేపను, రావిని ఊహించుకుంటూ ఎదురుగా ఉన్న చెట్టును చూడకపోవడం మన వలస జీవితంలో పెద్ద లోటు. అమెరికాలో మన కోయిల లేదు. వసంతంలో తెల్లవారకముందే రాబిన్ పిట్ట మొదలుపెడుతుంది, ఆ పాట వినండి. సిడ్నీలో ఉగాది ఆకురాలు కాలంలో వస్తుంది, అక్కడి కోయిల జాతి పిట్ట మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉత్తర దిక్కు నుంచి వలస వచ్చి కూస్తుంది. సింగపూర్‌వాళ్ళకు కోయిల కిటికీ దగ్గరే ఉంది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో వేసవిలో గడ్డిలోకి దిగకుండా దారి మధ్యలోనే నడవండి. పంట్లాం అంచులు సాక్సులోకి దోపుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు కుదుళ్ళలో టిక్ పురుగుల కోసం వెతకండి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. చలికాలంలో సున్నాకు బాగా కిందున్న రోజున బయట నోరు తెరిచి పద్యం చదవకండి. చల్లని పొడిగాలి గొంతును, ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది. నడకలో మానసికం చాలు. ముక్కుతోనే గాలి పీల్చండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళలో మధ్యాహ్నం భోజనానికి ముందు ఇరవై నిమిషాలు దొరికితే సాయంత్రం నడకకన్నా అదే మేలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వారాల తరబడి నిద్ర, ఆకలి పోయినవారికి, బతుకు మీద ఆశ తెగినవారికి పద్యం వైద్యం కాదు. కొందరికి కళ్ళు మూసుకుని కూర్చుంటే పాత భయాలు ఇంకా పైకి లేస్తాయి. అలాంటివారు కళ్ళు తెరిచే నడవాలి, డాక్టరును కలవాలి. అమెరికాలో 988 అనే సహాయ నంబరుకు ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా పగలూ రాత్రీ ఎవరో ఒకరు పలుకుతారు. ‘నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో’ అని ఆగకండి.

మన సంఘాలను అడిగేది ఒకటుంది. పద్యాల పోటీ ఉండనివ్వండి, దానికి తోడు నెలకోసారి పద్యనడక పెట్టండి. ఊరి పార్కులో, పన్నెండు మందికి మించకుండా. ఎక్కువైతే వెనకవాళ్ళు కబుర్లలో పడతారు. ముందు నడిచే ఒకరు పద్యం అర్థం అయిదు నిమిషాల్లో చెప్పి, రెండుసార్లు నిదానంగా చదవాలి. తర్వాత అరగంట ఎవరూ మాట్లాడకూడదు. ఫోన్లు కార్లోనే ఉండాలి, దారి తెలిసినవారి దగ్గర ఒక్కటి తప్ప. బహుమతులు, ఫోటోలు, ప్రసంగాలు వద్దు. పులిహోర ఉంటే నడక అయ్యాక. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం దారిలో బెంచీలున్న పార్కు చూడండి, వాళ్ళు కూర్చునే పద్యం అనుకుంటారు. ఊళ్ళోంచి పిల్లల దగ్గరికి ఆర్నెల్లకని వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయే అమ్మానాన్నలను తప్పకుండా పిలవండి. పద్యం అర్థం చెప్పడానికి వాళ్ళకంటే తగినవాళ్ళు దొరకరు.

మే నెల మూడో ఆదివారానికి చాలా ఊళ్ళలో పూలు వచ్చేస్తాయి. ఉదయం పదింటికి మొదలుపెట్టండి. అప్పటికి మంచు ఆరి, ఎండ తగిలి, తేనెటీగలు పనిలోకి దిగి ఉంటాయి.