'మందులు మానేశాడు' అంటే సరిపోతుందా?

గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ (సన్నని జాలీ గొట్టం) వేయించుకున్న మనిషి ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే నొప్పితో ఆసుపత్రికి వస్తాడు. కేసు షీట్‌లో ఒక్క ముక్క పడుతుంది: 'మందులు సొంతంగా మానేశాడు'. ఇక అందరూ చేతులు దులుపుకున్నట్టే. ఆ ఒక్క ముక్క మీదే మా అభ్యంతరం.

రోగికీ బాధ్యత ఉంది, కాదనం. కానీ దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగా వాడేవారు సంపన్న దేశాల్లోనే సగటున 50 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. సగం మంది తడబడుతుంటే తప్పంతా వాళ్ల మీదకే నెడతారా?

డిశ్చార్జి వేళ చూడండి. బిల్లులు, సంతకాలు, ఇంటికెళ్లే తొందర. ఆ హడావుడిలో చేతికొచ్చే చీటీలో ఏడెనిమిది మందులు. గుండెపోటు తర్వాత రక్తం పలచబరిచే రెండు మాత్రలు మామూలుగా 12 నెలలు వాడాలి. నొప్పి లేదు కదా అని ముందే ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఈ మాట ఎవరు చెప్పారు? గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రను ఉన్నపళంగా మానితే ముప్పని ఎవరు చెప్పారు? కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నా ఒంటికి తేడా తెలియదు, మానినా తెలియదు. ఎందుకో తెలియని మాత్రను ఏళ్ల తరబడి ఎవరు మింగుతారు?

పైగా నిన్నటిదాకా తెల్లగా, గుండ్రంగా ఉన్న మాత్ర ఈ నెల గులాబీ రంగులో, కోలగా వస్తుంది. మందు అదే, కంపెనీ వేరు. ఇది నాది కాదేమోనని పక్కన పెట్టేస్తారు. గుండెపోటు రోగులపై 2014లో వచ్చిన అధ్యయనం ఇదే తేల్చింది: రంగు, ఆకారం మారాక మందు ఆపేసే అవకాశం పెరుగుతోంది. ఇదీ రోగి మొండితనమేనా?

పరిశోధకులు మందులు ఉచితంగా ఇచ్చి చూశారు, వాడకం కొద్దిగానే పెరిగింది. ధర ఒక్కటే అడ్డు కాదన్నమాట. మూడు మందులు కలిపి ఒకే మాత్రగా ఇస్తే వాడకం మెరుగుపడి, గుండెజబ్బు మరణాలు తగ్గాయని 2022లో సెక్యూర్ పరిశోధన చూపింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మాత్రలను ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయినా చీటీల్లో మాత్రల సంఖ్య తగ్గడం లేదు.

డిశ్చార్జికి ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. రోగి చేతే తిరిగి చెప్పించాలి. వారంలోపు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇంతకంటే అడగడం లేదు. 'మానేశాడు' అని రాసే ప్రతి షీట్‌లో ఇంకో గడి పెట్టండి: ఏ మందు ఎందుకో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? ఆ గడి నింపలేనివారు మంచం మీదున్న మనిషిని మందలించడం మానుకోవాలి.